మూడు ఆకుల పాకం

జూన్ 6

మరదలికి బావ రాసేది.

కవరు మీద రాత చూసి ఎవరిదా అని తిరగేసి ఉంటావు. చీమ తలకాయంత అక్షరాలు రాసేది గడియారాలు బాగుచేసేవాడు కాక ఇంకెవడు? నేను బాగానే ఉన్నాను. ముందుగదిలో కొట్టు మూసెయ్యలేదు. బల్ల, దీపం, కంటికి పెట్టుకునే అద్దం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గడియారాలు తెచ్చేవాళ్ళే తగ్గారు.

అసలు సంగతికి వస్తాను. పెరట్లో అంజీర చెట్టు ఈ ఏడు విరగకాసింది. మీ అక్క పోయిన ఈ ఎనిమిది నెలల్లో దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు నేను. అయినా కాసింది. పిట్టలు సగం తిని సగం నా నెత్తిన వేస్తున్నాయి. ఇలా వదిలేస్తే మీ అక్క ఊరుకోదని, అంటే ఊరుకునేది కాదని, నిచ్చెన వేసి బుట్టెడు కోశాను. గట్టిగా ఉన్నాయి కదా అని మామిడికాయల్లాగే గడ్డిలో వేసి, గోనెపట్టా కప్పి, రోజూ తీసి చూశాను. ఎనిమిది రోజులు! మెత్తబడలేదు సరికదా, ముడతలు పడి నా మొహంలా తయారయ్యాయి. వేళ్ళ సందుల్లో మాత్రం దద్దుర్లు లేచి ఒకటే మంట.

మీ అక్క ఏటా చేసే పాకం నేనూ చెయ్యాలనుకుంటున్నాను. నలభై రెండేళ్ళు తిన్నాను, ఒక్కనాడూ పొయ్యి దగ్గర నిలబడి చూడలేదు. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నది మీరిద్దరే. ఇప్పుడు అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. కొలతలు, నిమిషాలు సరిగ్గా రాయి. ‘కాస్త’, ‘కొంచెం’ అని రాయకు. అవి నాకు అర్థం కావు.

మీ అక్క పోయిన రోజు వచ్చి వసారాలో కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. నిన్ను ఆపి ఒక మాట చెబుదామనుకున్నాను. జనంలో కుదరలేదు.

బావ


జూన్ 14

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని కుట్టుమిషను మీద పెట్టుకుని రెండు రోజులు విప్పకుండా చూస్తూ కూర్చున్నాను. పదకొండేళ్ళుగా నా ఊసెత్తని ఇంట్లోంచి కవరు వస్తే ఎవరికైనా విప్పబుద్ధి కాదు మరి. విప్పి చూస్తే ఏముంది? పాకం!

అంజీర కాయల్ని గడ్డిలో మాగబెట్టిన మనిషిని ఈ భూమ్మీద మిమ్మల్నే చూశాను. నవ్వలేక చచ్చాను. నా దగ్గర గుండీలు కుట్టే అమ్మాయి పిచ్చెక్కిందేమో అన్నట్టు చూసింది. అది మామిడి కాదు బావగారూ, కొమ్మ వదిలాక ఇంక పండదు. పండు తొడిమ దగ్గర వంగి, తల వేలాడేసి, అడుగున చిన్న పగులు విచ్చి తేనెచుక్క కనపడినప్పుడే కొయ్యాలి. చేతులకు ముందు నూనె రాసుకోండి, తొడిమ పాలు తగలకుండా.

కిలో పండ్లు, ముప్పావు కిలో పంచదార, రెండు నిమ్మకాయలు. పండు ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి, పంచదార చల్లి, పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా మూతపెట్టి ఉంచండి. వాటి నీళ్ళు అవే ఊరతాయి. మీరు చుక్క నీళ్ళు పొయ్యద్దు. తర్వాత సన్నసెగ మీద పెట్టి, గరిటె అడుగంటా తిప్పుతూ ఉండాలి. నిమిషాలు అడక్కండి, నాకు తెలీదు. మొదట గలగల ఉడుకుతుంది. కాసేపటికి ఆ గలగల ఆగి, బరువుగా తప్పు తప్పుమంటుంది. చప్పుడు మారగానే నిమ్మరసం పిండి దించెయ్యడమే. మా అమ్మ వీధరుగు మీద కూర్చునే విని, ‘దించవే!’ అని కేకేసేది.

ఇంతకీ ఈ వయసులో ఎవరికి తినిపిద్దామని? లేకపోతే ఇల్లు అమ్మేస్తూ పోయేముందు చెట్టు రుణం తీర్చుకుంటున్నారా? అదే అయితే ముందే చెబుతున్నాను. ఆ చెట్టు మీది కాదు. మా అమ్మ పెరట్లో కొమ్మ విరిచి, తడిగుడ్డ చుట్టి, పెళ్ళైన మర్నాడు అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. అమ్మ చెట్టు ఎప్పుడో పోయింది. మిగిలింది అదొక్కటే. దాని మీద గొడ్డలి పడిందని తెలిస్తే మర్యాదగా ఉండదు.

మీ మరదలు


జూన్ 23

మరదలికి,

నీ నోరు చల్లగా ఉండ! ఇల్లు అమ్మడమేమిటి, ఈ గోడలకి నేనొక మేకుని. ఎవరు పీకినా రాను.

నువ్వు చెప్పినట్టే తలవంచిన పండ్లు ఏరి కోశాను. నూనె రాసుకుని నిచ్చెన ఎక్కితే మెట్టు చేతికి జారి పడబోయాను. అది నువ్వు రాయలేదు. రాయకపోయినా నాకు తట్టి ఉండాల్సింది. మధ్యాహ్నం రెండూ పదికి పొయ్యి మీద పెట్టాను. మూడూ ఇరవై ఆరుకి వంటింట్లోంచి పొగ వస్తోందని పక్కింటి టీచరమ్మ గోడ మీదనుంచి చేతులూపింది. గిన్నె అడుగున బొగ్గు మిగిలింది. ఇప్పటికీ ఉలితో గీకుతున్నాను.

నీ తప్పేం లేదు. నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకు చెవులు పోయాయి. గడియారం టిక్కుమనడం వినపడక నాలుగేళ్ళయింది. డొక్క మీద వేలు ఆన్చి, ఆ అదురుని బట్టి నడుస్తోందో లేదో చెబుతాను. మీ అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ మాత్రం తనే పసిగట్టింది. గడియారాలవాడికి చెవుడంటే ఎవరు తెచ్చిస్తారు? అందుకే నీకు ఫోను చెయ్యలేదు. పాకం చప్పుడు మారితే వినమన్నావు. నేను అదురు తెలుస్తుందేమోనని గంట పైగా గిన్నె మీద చెయ్యి పెట్టబోయి కాల్చుకుంటూ నిలబడి, చివరికి ఆ చెయ్యి నీళ్ళలో ముంచడానికి పెరట్లోకి వెళ్ళాను.

చెవులతో పని లేకుండా చేసే దారి ఏదైనా ఉంటే రాయి.

బావ


జూలై 2

బావగారికి,

అక్క చెప్పలేదు. ఎలా చెబుతుంది లెండి, మా మధ్య మాటలుంటేగా. మీ ఉత్తరం చదివి కత్తెర పక్కన పెట్టి కాసేపు కళ్ళొత్తుకున్నాను. నా కూతలకి ఏమీ అనుకోకండి.

వినపడకపోతే చూడండి. పళ్ళేన్ని చన్నీళ్ళలో పెట్టి, తుడిచి, దాని మీద పాకం చుక్క వెయ్యండి. వేలితో మధ్యలో గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా నిలబడాలి. నిలబడితే దించెయ్యండి. అంతే.

ఇది రాస్తుంటే మా అమ్మ వంటిల్లే కళ్ళ ముందుంది. పొగచూరిన కిటికీ, కింద రెండు పీటలు. అక్క గరిటె తిప్పేది, నేను పళ్ళెం పట్టుకునేదాన్ని. చుక్క పడగానే నాకేసేదాన్ని, గీత గీసేలోపే. పండిన పండల్లా ముందు నేనే పొడుస్తానని అక్క నన్ను పిచ్చుక అని పిలిచేది. పిల్లల్లేని ఒంటి ఆడదాన్ని అరవై రెండేళ్ళు వచ్చాక పిచ్చుకా అనేవాళ్ళు ఇంకెవరున్నారు నాకు?

గొడవెందుకొచ్చిందో మీకు గుర్తుందా? పెద్దమ్మగారింటి పెళ్ళిలో నేను కొనుక్కున్న పండ్లతో పాకం చేసి తీసుకెళ్ళాను. అక్క నలుగురిలో రుచి చూసి, ‘పరవాలేదే, బట్టలకి గంజి పెట్టుకోవచ్చు’ అంది. అందరూ ఘొల్లుమన్నారు. కుట్టుపనిదాన్ని కదా, బాగా పేలింది జోకు! నేను భోజనం చెయ్యకుండా వచ్చేశాను. తప్పే. కానీ అక్క ఏటా నాకో సీసా పంపేది కదా, కోపం ఎంతున్నా ఆ సీసా వస్తుంది, రాగానే ఉత్తరం రాసేద్దాం అనుకుని జూలై అంతా గుమ్మంలో కాసుకుని కూర్చున్నాను. ఆ ఏడు సీసా రాలేదు. మరుసటేడూ రాలేదు. నన్ను వదిలేసిందని అప్పుడర్థమైంది.

పోనీయండి, పాత గాయాలు. పాకం ఎలా వచ్చిందో రాయండి.

మీ మరదలు


జూలై 11

మరదలికి,

గీత నిలబడింది! నలభై ఒక్క నిమిషాలకి ఐదో చుక్క నిలబడింది. రంగు సరిగ్గా మీ అక్కది వచ్చినట్టే, పాత రాగి పెండ్యులంలా. టీచరమ్మకి గిన్నెడు ఇచ్చాను. బాగుందని రాసి చూపించింది.

బాగుంది కానీ, అది కాదు. తీపి ఉంది, పులుపు ఉంది. మీ అక్క చేస్తుంటే ఇల్లంతా ఒక వాసన వచ్చేది. తలుపు మూసినా కొట్టులోకి వచ్చేది. గడియారం తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఊరికే నిలబడిపోయేవాళ్ళు. ఆ వాసన రాలేదు. చెవులు పోయాయి గానీ ముక్కు ఇంకా నాదే. మళ్ళీ చేశాను, అంతే. నువ్వేదైనా మర్చిపోయావేమో చూడు. పండ్లు ఆగస్టు ఆఖరు దాకానే ఉంటాయి. ఈ ఏడు చెయ్యలేకపోతే వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు నిచ్చెన ఎక్కుతాయన్న నమ్మకం లేదు.

పోస్టాఫీసులో గోడ గడియారం మళ్ళీ నాలుగు నిమిషాలు వెనకబడింది. పైన దూలం మీద తేనెటీగలు పట్టాయట. వేడి బాగా ఉంది.

బావ


జూలై 19

బావగారికి,

నేనేమీ మర్చిపోలేదు. రాయాల్సిందంతా రాశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస.

నా ఉత్తరంలో నా పదకొండేళ్ళ బాధ రాశాను. మీరు దాని మీద ఒక్క ముక్క రాయలేదు. పోస్టాఫీసు గడియారం గురించి రాశారు, తేనెటీగల గురించి రాశారు! నాకు తెలీదనుకోకండి. సీసా పోస్టు చేసేది ఎప్పుడూ మీరే. పంపద్దని అక్క మీతో చెప్పే ఉంటుంది. ఏమని చెప్పింది? దానికి నా సీసా ఎందుకు, గంజి తాగుతుందిలే అందా? చెబితే నేను చావను. తెలీకపోతేనే రోజూ చస్తున్నాను.

ఎందుకు చేస్తున్నారు ఈ పాకం? ఎవరికోసం? ఈ రెంటికీ జవాబు లేకుండా నాకు ఉత్తరం రాయద్దు.

మరదలు


జూలై 28

మరదలికి,

నీకోసం.

ఇంక దాచను. ఆ ఏడు మీ అక్క సీసా పంపింది. అది నీకు చేరకపోవడానికి కారణం నేను.

సీసాని అట్టపెట్టెలో పెట్టి నా చేతికిస్తూ, ‘జాగ్రత్త, ఈసారి మామూలు సీసా కాదు’ అంది. పోస్టాఫీసుకెళ్ళి పెట్టెని కిటికీ చెక్క మీద పెట్టాను. తలెత్తితే గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. నా సంగతి నీకు తెలుసు. తప్పు టైము చూపించే గడియారం కింద నిలబడలేను. బల్ల లాక్కుని ఎక్కి, అద్దం తెరిచి, ముల్లు ముందుకి తిప్పాను. దిగుతుంటే మోచెయ్యి తగిలి పెట్టె కిందపడింది. నేలంతా పాకం, గాజుముక్కలు. పోస్టుమాస్టరు చీపురు ఇస్తే తుడిచాను. ఆ గడియారం మాత్రం సరిగ్గా పదకొండూ ఇరవై చూపించింది.

ఇంటికొచ్చి మీ అక్కతో ‘పంపాను’ అన్నాను. ఒక్క మాట. ఇంకో సీసా ఎలాగూ వచ్చే నెల చేస్తుంది కదా, అప్పుడు చెబుదాం అనుకున్నాను. కానీ తను రోజూ సాయంత్రం ‘ఉత్తరమేమైనా వచ్చిందా?’ అని అడగడం మొదలుపెట్టింది. అడిగిన కొద్దీ చెప్పడం కష్టమైంది. ఒకరోజు అడగడం మానేసింది. మానేశాక ఇంక అసలు చెప్పలేకపోయాను. నువ్వు ఉత్తరం రాయలేదని తను, సీసా రాలేదని నువ్వు. మధ్యలో నేను నోరు మూసుకుని గడియారాలు బాగుచేస్తూ కూర్చున్నాను.

సీసా మూతికి కట్టిన గుడ్డముక్క నా స్ప్రింగుల సొరుగులో ఉంది. మీ అక్క మార్కింగు పెన్నుతో రాసింది ఇది: ‘పిచ్చుకా, గంజి అన్నందుకు నా నాలుక కోసెయ్యాలి. తిని ఒక్క ముక్క రాయి.’

ఇంకోటి. పోయిన ఫిబ్రవరిలో ఒక పెండ్యులం కోసం అటక మీది పాత గోడ గడియారం పెట్టె దించాను. లోపల యంత్రం లేదు. పది సీసాలున్నాయి, ఏడాదికొకటి చొప్పున, నిరుటిది కూడా. ఒక్కోదాని గుడ్డ మీద ‘పిచ్చుకకి. మూడు ఆకులు’ అని రాసి ఉంది. పదింటి మీదా అదే. ఏ ఆకులో, మూడేమిటో నాకు తెలీదు. నువ్వు ఒక్క ముక్క రాస్తే పంపుదామని దాచిందని మాత్రం అర్థమైంది. నా కొట్టులో, నా నెత్తి మీద అటకలో, నా గడియారం పెట్టెలో.

పగలగొట్టిన సీసాకి బదులు సీసా ఇద్దామనుకున్నాను, సరిగ్గా తను చేసినట్టే. అది చేతిలో పెట్టి అప్పుడు చెబుదామనుకున్నాను. వట్టి చేతులతో చెప్పే ధైర్యం లేకపోయింది. నువ్వు ఏమన్నా పడతాను.

బావ


ఆగస్టు 20

బావగారికి,

మూడు వారాలు రాయలేదు. రాస్తే కాగితం కాలిపోయేలా ఉన్నాను. మొదట రాసిన మూడు ఉత్తరాలు చింపేశాను. వాటిలో ఉన్న మాటలు పెద్దవాళ్ళని అనకూడనివి. అనకపోయినా మీకు తెలుసుంటుంది.

నాలుగు నిమిషాల కోసం పదకొండేళ్ళు పోగొట్టారు బావగారూ. నా అక్క నన్ను ‘ఒక్క ముక్క రాయి’ అని అడిగి, రాయలేదనుకునే పోయింది. వసారాలో కూర్చున్న ఆ రోజు, దాని కాళ్ళ దగ్గర ఏడవడానికి కూడా పౌరుషం అడ్డొచ్చి కూర్చున్నాను నేను. ఇది ఎవరు తీరుస్తారు? మీకు చెవులు పోయింది నాలుగేళ్ళ కిందట. నోరు అంతకు ముందే పోయింది.

మిమ్మల్ని తిట్టి తిట్టి అలిసిపోయాక, నా సంగతి చెప్పకపోతే అన్నం సహించేలా లేదు. మీరు మర్చిపోయావా అని అడిగారు. మర్చిపోలేదన్నాను. అది నిజమే, కావాలని దాచాను. ఆ వాసన పండుది కాదు, ఆకుది. లేత అంజీర ఆకులు కడిగి, ఉడుకుతున్న పాకంలో వేసి, దించేముందు తీసెయ్యాలి. అమ్మ నుంచి నాకు మిగిలింది అదొక్కటే, ఊరికే ఎందుకివ్వాలి అని కచ్చ. తర్వాత ఇంకో కారణం కూడా వచ్చి చేరింది. మీకు పాకం కుదిరితే ఉత్తరాలు ఆగిపోతాయి. మీ ఉత్తరాల్లో అక్క ఉంది. కుదరకుండా ఉంటే ఇంకో ఉత్తరం వస్తుంది కదా అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు.

మూడేమిటో తెలీదన్నారు. అమ్మ ఆకులు కొలిచి వేసేది కాదు, మనుషుల్ని లెక్కపెట్టి వేసేది. ఇంట్లో ఎంతమందో అన్ని ఆకులు. మా ఇంట్లో నాలుగు. అక్క పెళ్ళై వెళ్ళిన ఏడు కూడా అమ్మ నాలుగే వేసింది. ‘లెక్క తప్పావే’ అన్నాను నేను. ‘వెళ్ళినంత మాత్రాన లెక్కలోంచి పోతుందా?’ అంది.

మీ ఇంట్లో ఉన్నది మీరిద్దరే. పదేళ్ళూ అక్క మూడేసింది. ఆ మాట చదివి మిషను ఆపేసి, కొట్టు మధ్యాహ్నమే మూసేశాను.

క్షమించానని రాయడం లేదు. ఇంకా రాలేదది. ఆకు వేసి చెయ్యండి. తపాలాలో పంపకండి, మీకూ పోస్టాఫీసుకీ పడదు. ఎన్ని ఆకులు వెయ్యాలో నేను చెప్పను. ఇప్పుడది మీ ఇల్లు, మీ లెక్క.

పిచ్చుక


ఆగస్టు 29

పిచ్చుకమ్మకి,

ఇలా పిలవచ్చో లేదో తెలీదు. నువ్వు అలా సంతకం పెట్టావు కాబట్టి పిలిచాను.

నిన్న పొద్దున చేశాను. చెట్టు మీద ఆఖరి పండ్లు, మొత్తం ముప్పాతిక కిలో ఉన్నాయి. నిచ్చెన టీచరమ్మ పట్టుకుంది. ఎప్పుడు పొయ్యి మీద పెట్టానో, ఎప్పుడు దించానో చెప్పలేను. గడియారం చూడలేదు. ఆకు పడిన కాసేపటికి ఆ వాసన వచ్చింది. వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి కొట్టులోకి వచ్చింది. నేను గరిటె పట్టుకుని, ‘ఇదిగో, సెగ తగ్గించనా?’ అని గట్టిగా అడిగాను. అడిగాక గాని తను లేదని గుర్తు రాలేదు. అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. పాకం మాడలేదులే, గరిటె తిప్పుతూనే ఏడ్చాను.

గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. పాత సీసాలు పదీ ఆ గడియారం పెట్టెలోనే, ఒక్కోదానికి దూది చుట్టి తెస్తున్నాను. మొదటివి నల్లబడ్డాయి. తింటావో, ఊరికే పెట్టుకుంటావో నీ ఇష్టం. గుడ్డముక్క జేబులో ఉంటుంది. కొత్త సీసా మాత్రం పెట్టెలో పెట్టను. మీ అక్క ఆ కొమ్మని తెచ్చినట్టే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. దారిలో ఏ గడియారం ఎంత తప్పు చూపించినా తలెత్తను. గుమ్మంలోంచే పొమ్మన్నా సీసా ఇచ్చి పోతాను. కాస్త గట్టిగా చెప్పు, లేకపోతే వినపడక లోపలికి వచ్చేస్తాను.

ఆకుల దగ్గర చాలాసేపు ఆగాను. మూడు కోసి, కడిగి, ఆరబెట్టి, చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నువ్వూ నేనూ ఇద్దరం, రెండు చాలు. ఒకటి పక్కన పెట్టాను. మళ్ళీ మీ అమ్మగారన్న మాట గుర్తొచ్చింది.

మూడే వేశాను.

బావ